అత్త సత్తుగిన్నె

నాలుక తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పిన రోజు మా తోడికోడలు ఇల్లు చేరేదాకా నోరు మూయలేదు. గుంటూరులో రైలెక్కినప్పటినుంచి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేదాకా మాట్లాడతానే ఉండింది. ఎదురు సీటులో కూర్చున్నామెతో చింతపండు సంగతి. వినుకొండ దాటినాక తన పెళ్ళిలో పప్పు మాడిపోయిన సంగతి. దొనకొండ కాడ ఆ పప్పు ఎవరి వల్ల మాడిందో ఆ సంగతి. పుండు నాలుక అంచున ఉండబట్టి మాట అప్పటికే ముద్దముద్దగా వస్తావుండింది. అయినా ఆపలేదు. మామూలు రోజైతే "గుక్క తిప్పుకో మే, రైలుకైనా స్టేషన్లు ఉండాయి" అనేదాన్ని. ఆ రోజు కిటికీలోనుంచి బీళ్ళు చూస్తా కూర్చున్నా.

మా మరిది, అంటే ఆమె మొగుడు, తలుపు దగ్గర సంచి మీద కూర్చున్నాడు. ఆయన మాట్లాడడు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది.

ఆసుపత్రిలో ఒక సిస్టరమ్మ ఉండాది. ఆపరేషనుకు ముందు మనుషుల్ని తయారు చేసేది ఆమె పని. మనసూ, ఒళ్ళూ రెండూ. మొన్న పరీక్షకు పోయినప్పుడు "మీ ఇంట్లో ఎట్లా తయారు చేసుకున్నారో రాసి ఇవ్వవ్వా, భయపడేవాళ్ళకు చదివి వినిపిస్తా" అని అడిగింది. నేను చదివింది మూడో తరగతి. ఇది వింటే భయపడేవాళ్ళకు భయం తగ్గుతుందో పెరుగుతుందో నాకు తెలియదు. జరిగింది మాత్రం రాస్తా.

మేమిద్దరం ఒకే ఇంటికి కోడళ్ళం. నాది పుల్లలచెరువు పక్క ఊరు. నీళ్ళు కరువైన ఊరు, చెంబెడు నీళ్ళతో స్నానం చెయ్యడం నాకు చిన్నప్పుడే వచ్చింది. ఆమెది గిద్దలూరు పక్క. మార్కాపురం దగ్గర మా అత్త ఇంటిని అడ్డగోడ పెట్టి రెండు చేసుకున్నాం. గోడ పైకప్పు దాకా లేదు. మనిషి తల అందనంత ఎత్తు లేచినాక, ఇంక పైకి ఇటుకలు దండగని నేనే ఆపించినా. దానివల్ల అవతల ఆమె మాట్లాడిన ప్రతి మాటా ఇవతలికి వచ్చేది. బియ్యం ఏరతా మాట్లాడేది, కోళ్ళతో మాట్లాడేది, ఎవరూ లేకపోతే పొయ్యితో మాట్లాడేది. శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనలో పాట ఎత్తేది కూడా ఆమే. చదువు రాదు, అన్ని పాటలూ నోటికే. ఆమె మొదటి ముక్క ఎత్తితే మేమందరం వెనకాల పట్టుకునేవాళ్ళం.

మా అత్తకు కూడా ఆ జబ్బు నోట్లోనే వచ్చింది. చుట్ట తాగేది. కత్తి తగిలితే పుండు ఒళ్ళంతా పాకుతాదని ఊరంతా అనేది ఆ కాలంలో. అందుకని కోయించలేదు. కొన్నాళ్ళకు మాట పోయింది. మంచం పక్కన సత్తుగిన్నె, చెంచా పెట్టినాం. నీళ్ళు కావాలంటే గిన్నె కొట్టేది. పక్క మార్చాలంటే కొట్టేది. ఏమీ అక్కర్లేకపోయినా కొట్టేది. ఊరవతల కొండెక్కిన మనిషికి కూడా వినపడేంత గట్టిగా కొట్టేది, ఆ ఎముకల చేతికి అంత బలం ఎక్కడిదో. అత్త పోయినాక కూడా చానా రోజులు మేమిద్దరం పని మధ్యలో ఒకేసారి తలెత్తి, ఒకరి మొహం ఒకరం చూసుకుని, మళ్ళా పనిలో పడేవాళ్ళం. ఏం వినపడిందని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. ఆమె అడగకుండా ఊరుకున్నది లోకంలో అదొక్కటే.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి.

మత్తు డాక్టరు మా తోడికోడలి వీపు మీద గొట్టం పెట్టి చానాసేపు విన్నాడు.

"ఏం పని చేసేదానివమ్మా?"

"పలకల ఫ్యాక్టరీ సార్. ఇద్దరం. పెళ్ళైనకాడినుంచి అది మూసేదాకా."

"అదే వినపడుతోంది."

రాయి కోసే మిషను దుమ్ము ఇన్నేళ్ళయినా రొమ్ములోనే ఉండాదంట. ఇంత తక్కువ ఊపిరితో మత్తు ఇస్తే మళ్ళా లేపడం కష్టం అన్నాడు. ఊపిరి పెంచుకుని, రక్తం పెంచుకుని, ఒంటికి కాస్త కండ తెచ్చుకుని నెలలోపల రమ్మన్నాడు. ఇంకా ఆలస్యమైతే పుండు దవడలోకి దిగుతుంది, అప్పుడు కోసినా లాభం లేదన్నాడు. అది చెప్పేటప్పుడు ఆమెను చూడలేదు, నన్ను చూసినాడు. పెద్దదాన్ని నేను కాబట్టి.

తరవాత సిస్టరమ్మ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టింది. సన్నటి మనిషి. తియ్యగా మాట్లాడుతుంది గాని దాచిపెట్టి మాట్లాడదు.

"అమ్మా, ఆపరేషన్ అయ్యాక నీకు మెలకువ వస్తుంది. ముక్కులో గొట్టం ఉంటుంది. గొంతు దగ్గర చిన్న రంధ్రం పెట్టి ఉంటారు, ఊపిరి దాంట్లోంచి పోతుంది. నువ్వు అరవాలని చూస్తావు, శబ్దం రాదు. అప్పుడు కంగారు పడకూడదు. సిస్టర్ చెప్పింది ఇదే కదా అని గుర్తు తెచ్చుకోవాలి."

"మాట మళ్ళా ఎప్పుడొస్తాది?"

"పూర్తిగా రాదమ్మా. కొన్ని శబ్దాలొస్తాయి. ఇంట్లోవాళ్ళకు అర్థమవుతాయి."

"మా అక్కకు ఇప్పుడే అర్థం కాదు. ఇంక అప్పుడేం అవుతాది?"

సిస్టరమ్మ నవ్వలేదు. "రోజూ ఒక గంటసేపు మాట్లాడకుండా ఉండడం అలవాటు చేసుకోండి. చేత్తో చెప్పండి. పలక మీద రాయండి."

పలక అనేసరికి మేమిద్దరం నవ్వినాం. సిస్టరమ్మకు ఎందుకో తెలియలేదు. ఊరూరి పిల్లలకు పలకలు కోసి, అరగదీసి, మూటలు కట్టి పంపించినాం మేము. మా తోడికోడలికి దాని మీద రాసేదానికి ఒక్క అక్షరం రాదు.

ఊపిరికని ప్లాస్టిక్ డబ్బా ఇచ్చినారు. దాంట్లో మూడు గుండ్లు, పక్కన గొట్టం. ఇంటికొచ్చి ఆమె గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదింది. గుండ్లు కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదింది. రెండు రోజులు ఊది ఊది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కూడా "ఊదు, ఇంకా ఊదు" అని పక్కన కూర్చున్నా. పుట్టినకాడినుంచి గొట్టమంటే మాకు పొయ్యి ఊదేదే. సిస్టరమ్మకు ఫోను చేస్తే, "ఊదొద్దమ్మా, పీల్చాలి, లోపలికి" అనింది.

"ఇంతసేపూ రివర్సులో పోతావుండామా!" అని మా తోడికోడలు పడీపడీ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గినాక పీల్చింది. ఒక గుండు లేచి, టక్కుమని పడింది.

ఆ టక్కుమనే శబ్దం గోడ మీదుగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వినపడేది. పలకలు పేర్చేటప్పుడు కూడా అట్లాంటి శబ్దమే వచ్చేది.

పొగాకు మానిపించింది నేనే. ఆమె బుగ్గన ముక్క పెట్టుకునేది. గూట్లో, దిండు కింద, బియ్యం డబ్బాలో, ఎక్కడెక్కడ దాచిందో అంతా తీసి కుప్ప పోసినా. "ఒక్క ముక్క ఉంచు అక్కా, వాసన చూసుకుంటా" అనింది. నేను పెంటకుప్పలో పారేసినా. నా బతుకులో నేను చూస్తా చూస్తా పారేసిన వస్తువు అదొక్కటే.

కుళ్ళిన పళ్ళు ముందే పీకేసినారు, ఆపరేషనుకు చీము అంటకుండా. పూటపూటకూ ఉప్పునీళ్ళతో నోరు కడుక్కోవాలి. ఉడకబెట్టిన గుడ్డు చిదిమి, పెసరపప్పు, రాగిజావ పాలు పోసి పెట్టాలి. నేను వండి గోడ చుట్టూ తిరిగి పోయి ఇచ్చేదాన్ని. పొద్దున్నే ముందు నేను, వెనకాల ఆమె, ఆ వెనకాల ఆయన, రోడ్డు మీద నడక. ఆమె మాట్లాడతా నడిస్తే ఆయాసం వచ్చేది. "నడకన్నా నడువు, మాటన్నా మాట్లాడు" అంటే, "నడక రేపు కూడా ఉంటాది కదక్కా" అనింది.

బెంగుళూరులో తాపీపని చేసే కొడుకు ఫోనులో, "అమ్మా, నీ మాట సెల్లులో రికార్డు చేసి పెట్టుకుందాం" అన్నాడు. ఆమెకు కోపమొచ్చింది. "నేనేమన్నా చావడానికి పోతావుండానా? మాట పెట్టెలో పెట్టుకునేది చచ్చినోళ్ళది" అనింది. వద్దంటే వద్దంది. కొడుకు మళ్ళా అడగలేదు. ఇప్పుడు వెతికితే ఎవరి ఫోనులోనూ ఆమె మాట లేదు.

మధ్యాహ్నం అన్నాలైనాక మాట్లాడని గంట. ఇద్దరం అడ్డగోడ నీడన కూర్చునేవాళ్ళం. మొదటి రోజు ఆమె నా మొహం చూసి ఊరికే కూర్చుంది. చెయ్యి ఎట్ల ఆడించాల్నో తెలియనట్ల. నాకు దాహమేసి, ఏమీ అనుకోకుండానే, రెండు వేళ్ళతో కింది పెదవి మీద తట్టినా. ఆమె టక్కున లేచి నీళ్ళు తెచ్చింది. తెచ్చి, చెంబు నా చేతిలో పెట్టి, అట్లనే నిలబడింది.

ఫ్యాక్టరీ సైగ అది. కోత మిషను తిరిగేటప్పుడు పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడేది కాదు. అందుకని మేము చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పెదవి తడితే నీళ్ళు. చెవి పట్టుకుంటే మేస్త్రి వస్తావుండాడని. కొంగు నెత్తిన కప్పుకున్నట్ల చేస్తే అత్త, ఎవరి అత్తైనా. మొగుళ్ళ పేర్లు మేము ఎట్లాగూ పలకం, ఒక్కొక్కరికి ఒక్కొక్క సైగ. మా మరిదికి చెవుల మీద తువ్వాల చుట్టుకున్నట్ల. దుమ్ము కమ్ముకుని ఎదుటి మనిషి కనపడకపోతే రాయి మీద చెయ్యి తట్టేది, ఆ అదురు చేతికి తగిలి అవతలామె ముందుకొచ్చి రొమ్ము మీద రెండుసార్లు తట్టుకునేది. ఉండావా అంటే, ఉండా అని.

ఫ్యాక్టరీ మూసినాక ఆ సైగలతో మాకు పని పడలేదు. ఆ మధ్యాహ్నాల్లో అవన్నీ ఒకటొకటిగా బయటికొచ్చినాయి. నేను ఒకటి, ఆమె ఒకటి. మాకు అవి నేర్పిన పెద్దామె దగ్గి దగ్గి పోయింది. మాతో వరసలో కూర్చున్నవాళ్ళలో చానామంది అట్లనే పోయినారు. ఎండ గోడ మీద తెల్లగా కొడతావుంటే మా తోడికోడలి చేతులు లేచేవి, బొటనవేలు అట్ల విరిచి తిప్పేది. అది ఆమె తిప్పడం కాదు. ఆ పెద్దామె తిప్పడం. నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. ఆ గంట అయిపోయేదాకా గోడ నీడలో మేమిద్దరమే ఉన్నట్ల అనిపించేది కాదు.

రెండో వారం దాటినాక ఆమె తినడం మానేసింది. జావ పోసి ఇస్తే అట్లనే పెట్టేది. గుడ్డు పిల్లికేసేది. అడిగితే "నొప్పి" అనేది. నొప్పికి మాత్ర ఉండాది, వేసుకుంటే తగ్గుతావుండాది, అది నాకు తెలుసు. మొహం పీక్కుపోయింది. గుండ్లు రెండు లేచేవి మళ్ళా ఒకటికి దిగినాయి. డాక్టరు చెప్పిన గడువు దగ్గరపడతావుంది. నేను తిట్టినా. మా మరిది పక్కన కూర్చుని బతిమాలినాడు. అంటే గిన్నె పట్టుకుని ఆమె ముందు ఊరికే కూర్చున్నాడు. ఆయన బతిమాలడం అట్లనే ఉంటాది. ఆమె నోరు తెరవలేదు.

ఒక మధ్యాహ్నం, మాట్లాడని గంటలో, నేనే చేత్తో అడిగినా. ఎందుకు తినవు?

ఆమె కొంగు నెత్తిన కప్పుకున్నట్ల చేసింది. అత్త. తరవాత జావగిన్నె చూపించింది. తరవాత చెంచా పట్టుకున్నట్ల వేళ్ళు పెట్టి, గాలిలో కొట్టింది.

నేను గిన్నె చూసినా. అత్త సత్తుగిన్నే అది. అంచంతా సొట్టలు, చెంచా దెబ్బలవి. అత్త పోయినాక కడిగి బోర్లించి దాచింది నేనే. జావ తొందరగా చల్లారాలంటే వెడల్పు గిన్నె కావాలి, దానికంటే వెడల్పుది నా ఇంట్లో లేదు. గిన్నె అంటే నాకు గిన్నే. నోటితో చెప్పలేకపోయిన మాట ఆమె చేతులు చెప్పినాయి.

ఆమె ఆ గంటను తెంపేసి నోటితో మాట్లాడింది. "జావ తాగి కింద పెడితే వినపడతావుందక్కా. నువ్వు వండుకుంటా ఉంటే అవతల నేను పడుకుని వింటావుండా. అత్త కొడతానే ఉండాది."

"నాకేమీ వినపడలేదు" అన్నా. అబద్ధం. సత్తుగిన్నె కడిగి బోర్లించినాక కూడా నా చెవిలో అది ఆడతా ఉండేది. కడిగినదాని చప్పుడు అనుకుని ఊరుకునేదాన్ని.

"నేను పోనక్కా. గుంటూరుకు పోను. కోయించకపోతే అత్తలాగ మాట పోతాది. కోయించినా మాట పోతాది. రెండిట్లోనూ గిన్నె కొట్టుకునేదే కదా. అంతమాత్రానికి నన్ను కోసేదెందుకు?"

సిస్టరమ్మ అయితే ఏమి చెప్పేదో. నాకు తియ్యటి మాటలు రావు.

"తేడా ఉంది. అత్త కొడితే మనిద్దరం ఉరికేవాళ్ళం. పోయి, ఏం చెయ్యాల్నో తెలియక నిలబడేవాళ్ళం. నువ్వు కొడితే జావ కావాలని కొడతావు. జావ తాగి నా ప్రాణం తినడానికి ఇంకా చానా ఏళ్ళు కూర్చుంటావు."

"నాలుక లేకుండా నీ ప్రాణం ఎట్ల తినేది?"

"నీకు నేర్పియ్యాల్నా?"

ఆమె నవ్వలేదు. మొహం గోడకు తిప్పుకుంది. "నాలుక లేకపోతే నేనేందక్కా" అనింది గోడతో.

మా మరిది అంతా విన్నాడు. చొక్కా వేసుకుని బయటికి పోయినాడు. పొద్దు వాలేసరికి మార్కాపురంనుంచి కొత్త స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టినాడు. "వదినా, దీంట్లో పొయ్యి" అన్నాడు. అంతే. మామూలుగా అయితే ఇంట్లో గిన్నెలు ఉండగా కొత్తది ఎందుకని రెండు రోజులు అంటా ఉండేదాన్ని. జావ పోసి ఇచ్చినా. ఆమె గిన్నె చూసింది, ఆయన్ను చూసింది, తాగింది. సత్తుగిన్నెను నేను కోళ్ళగూట్లో నీళ్ళకు పెట్టినా. పారెయ్యలేదు.

పోతానని గాని పోనని గాని ఆమె మళ్ళా అనలేదు. మర్నాడు పొద్దున గోడ అవతల గుండ్లు టక్కుమన్నాయి. ఇంకొన్నాళ్ళకు మూడో గుండు కూడా లేచింది. లేచిన రోజు "అక్కా, రా, రా, చూడు, పడిపోయేలోపల రా" అని అరిచింది. నేను చేతులు తుడుచుకుని పోయేలోపల పడిపోయింది. ఆ పిలుపే నాకు ఎక్కువ వినపడతా ఉంటాది ఇప్పుడు.

మత్తు డాక్టరు మళ్ళా వీపు విని, సరేనన్నాడు.

ఆపరేషను పొద్దున సిస్టరమ్మ చెప్పినట్లే సబ్బుతో తలస్నానం చేయించినా. గాజులు, మెట్టెలు తీసి నా కొంగున ముడేసుకున్నా. మెట్టెలు తీసిన వేళ్ళ మీద తెల్లటి గీతలు. నీళ్ళు కూడా తాగకూడదు. ఆకుపచ్చ గౌను వేసి బండి మీద పడుకోబెట్టినారు. తొడ మీద చర్మం తీసి నోట్లో కుడతారు కాబట్టి తొడ మీద పెన్నుతో గీతలు గీసినారు. ఆమె ఆ గీతలు చూసుకుంటా, "అక్కా, రాయికి గీసినట్లే గీసినారు చూడు. కోత సరిగ్గా వస్తాదిలే" అనింది.

తలుపు దగ్గర వేరే నర్సు చీటీ చూస్తా అడిగింది. మనిషి మారకుండా అందరినీ అట్ల అడుగుతారంట.

"పేరేంటమ్మా?"

చెప్పింది.

"ఏం ఆపరేషన్?"

నాలుక బయటపెట్టి చూపించింది.

"భర్త పేరు?"

నేను చెప్పబోయినా. నాకు మరిది, నేను పలకొచ్చు. ఎక్కడైనా రేషను కాడ, బ్యాంకు కాడ ఆమెకు బదులు నేనే చెప్పేదాన్ని. ఆమె చెయ్యి ఎత్తింది. ఫ్యాక్టరీలో ఆగు అనేదానికి చేసే పిడికిలి. పిడికిలి ఎత్తిపెట్టి, ఆమే చెప్పింది.

పెళ్ళయినకాడినుంచి ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. గోడ మీదుగా కోళ్ళను తిట్టినవి, దేవుణ్ణి అడిగినవి అన్నీ విన్నా గాని, అది వినలేదు. ముద్దగా ఉన్న నాలుకతో, తడబడకుండా, మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది.

అవతల గోడకు ఆనుకుని నిలబడిన మా మరిది "ఆఁ" అన్నాడు. పిలిస్తే పలికినట్ల.

నర్సు చీటీ మీద టిక్కు పెట్టింది. తలుపు మూసుకుంది.

పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాం. ఆయన తువ్వాల చెవుల మీద కప్పుకుని కూర్చున్నాడు, చలి లేకపోయినా. నేను కొంగుముడి పట్టుకుని కూర్చున్నా. రెండో రోజు నన్నొక్కదాన్ని లోపలికి పంపించినారు. మొహం ఇంత వాచి, ముక్కులో గొట్టం, గొంతు దగ్గర రంధ్రం, సిస్టరమ్మ చెప్పినవి చెప్పినట్ల అన్నీ ఉండాయి. కళ్ళు మూసుకుని ఉండాది. ఏమని పిలవాల్నో నాకు తోచలేదు. మంచం ఇనప కడ్డీ మీద చెయ్యి తట్టినా.

కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం దుప్పట్లోనుంచి కదిలి, సూదులన్నీ ఉన్న చెయ్యి, మెల్లగా రొమ్ము మీదికి పాకి, రెండుసార్లు తట్టింది.

ఆ తరవాత పుండు మళ్ళా రాకుండా కరెంటు పెట్టించుకున్నాం, గుంటూరులో నెలన్నర గది తీసుకుని. అదంతా రాయను. సిస్టరమ్మకు అది తెలుసు. ఆమె బతికి ఉండాది. జావ మింగుతాది, మెత్తటి సంగటి మింగుతాది. కోళ్ళను చూసుకుంటాది. శుక్రవారం ప్రార్థనకు వచ్చి ముందు వరసలో కూర్చుంటాది. పాట మొదలుపెట్టేముందు ఇంకా ఒక్క క్షణం ఎవరూ నోరు తెరవరు. ఎవరు ఎత్తాల్నో అందరికీ తెలుసు, ఇప్పుడు నేనే ఎత్తాలి. అయినా ఆ క్షణం అందరి తలలూ ఆమె వైపే వాలతాయి. అందరికీ ఆమె గొంతు వినపడుతుందనే అనుకుంటా. నేను ఎత్తేది దాని మీదే.

ఇంట్లో గోడ మీదుగా ఏమీ రాదు. అలవాటున నేను పొయ్యి కాడ గిన్నెల చప్పుడు తగ్గిస్తా, ఏదో అంటావుండాదేమోనని. ఏమీ అనదు. బియ్యం చెరిగే చప్పుడొక్కటే. అంతలో "అక్కా, రా, పడిపోయేలోపల రా" అంటాది. లేచి నిలబడతా. నిలబడినాక తెలుస్తాది.

గుంటూరునుంచి వచ్చి నడక కుదిరినాక ఒకరోజు ఆమె కోళ్ళగూట్లో చెయ్యి పెట్టి సత్తుగిన్నె బయటికి లాగింది. బూడిదేసి తోమింది. మంచం పక్కన పెట్టుకుని పక్కన చెంచా పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. "కొత్తది తెచ్చినాడు కదా! అది కొట్టుకో!" అన్నా.

స్టీలుగిన్నె చూపించి, వేలుతో దాని అంచు నిమిరి, తల అడ్డంగా ఊపింది. కొడితే సొట్టలు పడతాయంట. సత్తుగిన్నె చూపించింది. దానికి ఉన్న సొట్టలు ఉండనే ఉండాయంట. నా బుద్ధులే నేర్చుకుంది. తరవాత చెవి ముట్టుకుని, నన్ను చూపించి, అరచెయ్యి పైకెత్తింది. ఇది కొడితే నువ్వు లేస్తావు.

లేస్తా. నిజమే.

మధ్యాహ్నాలు కొడుతుంది. నీళ్ళకు, దిండుకు, కొన్నిసార్లు ఊరికే. నేను లేచి గోడ చుట్టూ తిరిగి పోతా. గోడ ఇవతల ఉన్నంతసేపూ కొట్టేది ఎవరో నాకు తెలియదు. మలుపు తిరిగితే ఆమె కనపడుతుంది. తలుపు మీద చెయ్యి తడతా. ఆమె రొమ్ము మీద తట్టుకుంటాది. అప్పుడు నేను ఊపిరి వదులుతా.

ఒక్కొక్కసారి చప్పుడు విని పోయేసరికి ఆమె నిద్రపోతా ఉంటాది. చెంచా గోడ గూట్లో ఉంటాది, గిన్నె బోర్లించి ఉంటాది. లేపను. కాసేపు అక్కడ నిలబడి, నేనే రొమ్ము మీద రెండుసార్లు తట్టుకుని వస్తా. అడిగింది ఎవరైనా గాని, ఉండామని చెప్పాల కదా.